పాప ముక్కుతో నా యుద్ధం

ఎనిమిదో నెలలో మా మనవరాలికి జలుబు చేసి ముక్కు దిబ్బడ వేస్తే, ఆ దిబ్బడ వదిలించినవాణ్ణి నేనే. మామూలుగా కాదు, యుద్ధం చేసి. పాప గీరింది, కొరికింది, ఒక్క కాలితో తన్ని నా ముక్కు పగలగొట్టింది. రక్తం కారుతున్నా నేను వదల్లేదు. సముద్రం పక్కన మా ఊళ్లో ఈ కథ విననివాళ్లు లేరు.

ఇందులో రక్తం మాత్రం నిజం.

అప్పటికి మూడు రోజులుగా ముసురు. పాప రొమ్ము పట్టుకునేది, రెండు గుక్కలు తాగేది, ఊపిరాడక వదిలేసి ఏడ్చేది. మూడోనాటికి ఏడ్చే ఓపిక కూడా పోయింది. కోడలు గూడూరు తీసుకుపోయి చూపించింది. డాక్టరమ్మ ఉప్పునీటి చుక్కలు రాసింది. పాలకు ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు చుక్కలు వేసి, చీమిడి మెత్తబడ్డాక తుడవమంది. ఊపిరికి డొక్కలు ఎగరేస్తే ఆగకుండా తీసుకురమ్మంది. నూనె, కర్పూరం దగ్గరికి రానీయొద్దంది.

"ఉప్పునీళ్లకి గూడూరు దాకా పోవాల్నా? మన సముద్రం నిండా అదేగా," అన్నా.

"నువ్వు గమ్మునుండు మామా," అంది కోడలు.

ఉండలా. నా బిడ్డలకు మా అమ్మ కర్పూరం కరగబెట్టిన కొబ్బరినూనె ముక్కులో పోసేది, వాళ్లు బతకలా? కోడలు పొయ్యి దగ్గరికి పోయిన సందులో పాపను కాళ్ల మధ్య వెల్లకిలా ఇరికించుకున్నా. నిమ్మకాయల బస్తాలు మోసిన చేతులు నావి. తల కదలకుండా గడ్డం అదిమిపట్టినా. దాంతో నోరు మూతపడింది. ముక్కు ఎటూ ఆడదు. పాప మెలికలు తిరిగింది, మొహం నల్లగా కమిలింది. నేను చూడలా. నా చూపంతా నూనె చుక్క మీదే.

వెనక నుంచి మా ఆవిడ ఏదో అరిచింది. నూనె సీసా ఎగిరిపోయి గోడకు తగిలి పగిలింది. నా ముక్కు మీద ఏదో దిగబడింది. కోడలు పాపను లాక్కుని భుజానేసుకుంది. ఏడుపు వినబడేదాకా ఇంట్లో ఎవరికీ ఊపిరి లేదు. తర్వాత ఆమె ఒళ్లో పడుకోబెట్టుకుని ఆ రెండు ఉప్పునీటి చుక్కలే వేసింది, కాసేపాగి తుడిచింది. పాప గుటగుటా పాలు తాగింది. ముక్కుకు తువ్వాలు అదుముకుని అరుగు మీద నుంచి ఆ చప్పుడు విన్నా.

కాబట్టి తన్నింది పాప కాదు. లాక్కునే కంగారులో కోడలి మోచెయ్యి తగిలింది. ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించినా. ఆమె రొయ్యలు ఒలుస్తా తలెత్తలా.

"మోచెయ్యి తగల్లేదు. చూసే గుద్దింది. గుద్దమని అరిచింది నేనే."