పిన్ని వాయించిన వేగం

మా పిన్ని పోయింది. సోమవారం పొద్దున ఆఫీసు మీటింగ్‌లో ఉండగా బాబాయి ఫోన్ చేశాడు. ఎప్పుడూ మెసేజ్‌తో సరిపెట్టే మనిషి ఫోన్ చేశాడంటేనే నాకు భయం వేసింది. "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. ఆ వెంటనే, "వయొలిన్ బయటే ఉంది, పెట్టెలో పెట్టేయనా?" అని అడిగాడు. పెట్టేయమన్నాను.

ఆవిడ నేపర్‌విల్‌లో పిల్లలకు వయొలిన్ నేర్పేది. ఊళ్ళోని ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్ల వరుసలో కూర్చునేది. నేను ఉద్యోగానికి ఈ దేశం వచ్చిన కొత్తలో, చలికాలానికి బెదిరి ఇంట్లో ముడుచుకుని ఉంటే, బలవంతాన ఆ వరుసలోకి లాక్కెళ్ళింది. "స్నో పడినన్నాళ్ళూ దుప్పటి కప్పుకుని ఏడుస్తావా? విజయవాడలో అన్నేళ్ళు వయొలిన్ నేర్చుకున్నావు. ఆ చెయ్యి ఊరికే పాడైపోతుందే" అంది.

ఆ ఏడాది ఆర్కెస్ట్రా ఒక పాత రొమాంటిక్ సింఫనీ ఎత్తుకుంది. అందులో మూడో భాగం వాల్ట్జ్. వినని పాఠకుల కోసం చెబుతున్నాను. వాల్ట్జ్ అంటే జంటలు గుండ్రంగా తిరుగుతూ చేసే డాన్స్‌కి కట్టిన సంగీతం. మూడు దెబ్బల నడక. ఒకటి బరువుగా పడుతుంది, రెండూ మూడూ తేలిగ్గా పడతాయి. ఫస్ట్ వయొలిన్లు పాటంతా పాడుకుంటుంటే మాకు చాలాచోట్ల దక్కేది ఆ రెండూ మూడూ మాత్రమే. ఒకటి వచ్చినప్పుడు నోరు మూసుకుని ఊరుకోవాలి.

నాకది మింగుడుపడలేదు. చిన్నప్పటి నుంచి తొడ మీద తాళం వేసుకుంటూ పెరిగినదాన్ని, మొదటి దెబ్బ వదులుకోవడం నావల్ల అయ్యేది కాదు. అదీ చాలక, పాట దిగులుగా అనిపించిన చోట నా వేళ్ళు వాటంతటవే తీగ మీద ఊగి గమకం పలికించేవి. దాంతోపాటు నా వేగమూ తగ్గిపోయేది. అందరూ చక్ చక్ అంటుంటే నేనొక్కదాన్నీ కచేరీ చేసేదాన్ని. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. పిన్ని మాత్రం నవ్వు ఆపుకోలేక కమాను ఒళ్ళో పెట్టుకునేది.

రిహార్సల్‌కి ఆవిడ కార్‌లోనే వెళ్ళేవాళ్ళం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగ్ మీద వేళ్ళతో రెండూ మూడూ కొట్టేది. "ఒకటిని మనసులో అనుకో. పైకి అన్నావంటే ఇక్కడే దింపేస్తాను, నడిచి రా" అనేది. వెనకవాడు హారన్ కొడితే గాని గ్రీన్ పడిందని ఇద్దరికీ తెలిసేది కాదు.

ఒకసారి అడిగాను. "పిన్నీ, ఇది ఎ మేజర్ కదా. అంటే మన శంకరాభరణం స్వరాలే. హ్యాపీగా ఉండాలి మరి. నాకు ఏడుపెందుకు వస్తోంది?"

ఇంటి ముందు కార్ ఆపి, హీటర్ అలాగే ఉంచి అంది. "కాగితం పైన, పాట కట్టినాయన ఏం రాశాడో చూశావా? అలెగ్రో మోడరేటో. పరుగూ కాదు, నిదానమూ కాదు. ఆ జంటలు లోపల ఏదో దిగులు పెట్టుకుని ఉన్నారు, అయినా డాన్స్ చేస్తున్నారు. నువ్వు స్లో చేశావనుకో, ఆ ‘అయినా’ పోతుంది. ఉట్టి ఏడుపు మిగులుతుంది."

ఆ చలికాలమే ఆవిడకు గుండె జబ్బు బయటపడింది. అయినా రిహార్సల్ మానలేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం, ఏదో రహస్యం చెప్పబోతున్నట్టు నా భుజం పట్టుకునేది. ఆ వాల్ట్జ్ చివర్లో ఊది వాయించే క్లారినెట్లూ బసూన్లూ లోగొంతుకతో, సింఫనీ మొదట్లో విన్న విషాదపు ట్యూన్‌ని ఒక్కసారి తలుచుకుంటాయి. అక్కడ కూడా నడక ఆగదు. ఆ చోటు రాగానే పిన్ని నావైపు చూసి కనుబొమలు ఎగరేసేది.

ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి పిన్ని ఇంట్లో వాయించుకుంటూ వచ్చిన ఆ వాల్ట్జే సంస్మరణ సభలో వాయిద్దామని ఆర్కెస్ట్రావాళ్ళం కొందరం అనుకున్నాం. ముందుండి నడిపించే అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. చిన్నప్పుడు కమాను పట్టడం నేర్పింది పిన్నే.

"ఆంటీ, స్లోగా ప్లే చేద్దాం. ఫ్యూనరల్‌లో అంత ఫాస్ట్ అంటే రాంగ్ అనిపిస్తుంది నాకు" అంది ఆ అమ్మాయి.

బాబాయి కూడా అదే మాట అన్నాడు. "నిదానంగానే కానివ్వండమ్మా. డాన్స్ పాటలా ఉంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"పిన్ని ఒప్పుకోదు బాబాయ్."

"తను లేదుగా."

సరే, నిదానంగానే అన్నాను. కానీ నాకు చాలా బాధేసింది. ఆవిడ కోసం వాయించే ఆఖరి పాట ఆవిడది కాకుండా పోతోంది.

సభ రోజు అనుకున్నట్టే నిదానంగా మొదలుపెట్టాం. పాట సాగింది, సాగి సాగి చతికిలబడింది. ముందు వరుసలో కూర్చున్న బాబాయి చెయ్యెత్తాడు.

"ఆపండమ్మా. ఇది కాదు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో నేను విన్నది ఇది కాదు. ఇది వింటుంటే తనకు వేరేవాళ్ళ చీర కట్టినట్టుంది. ఎవరేమనుకున్నా సరే, తనెలా వాయించేదో అలా వాయించండి."

ఆ అమ్మాయి తిరిగి నావైపు చూసింది. పిన్ని వేగం ఇక్కడ నా చేతికే బాగా తెలుసు. ఒకటిని మనసులో అనుకుని, రెండూ మూడూ అందించాను. అందరూ అందుకున్నారు.

నిదానంగా వాయిస్తే మధ్యలో కమాను దించి కళ్ళు తుడుచుకునేవాళ్ళమేమో. ఇప్పుడు ఎవరికీ చేతులు ఖాళీ లేవు. నాకు ప్రతి ఒకటి దగ్గరా కాస్త విరామం ఉంది గాని, అది కళ్ళు తుడుచుకోవడానికి చాలదు. ఆ అమ్మాయి చెంపల మీంచి నీళ్ళు జారి వయొలిన్ చెక్క మీద పడుతున్నాయి. ఒక్క స్వరం కూడా ఆలస్యం కావడం లేదు.