ముగ్గు పోసినవాడికి పెట్టని బట్టలు

దశరథరామయ్యగారి తోటబంగళాను నూజివీడులో అందరూ ఇంజనీరుగారి బంగళా అంటారు. కాదు. అది మా ఆయన వేసిన ఇల్లు. ఆయన పేరు నరసింహులు. ఆయన బతికున్నన్నాళ్లూ నా నోటితో అనని పేరు, పోయాక కాగితం మీద రాస్తున్నాను. ఇంకెవరూ రాయరు గనక.

ఆయన పని మామిడి తోటలు వేయడం. తాడు పట్టి, మేకులు కొట్టి, మొక్కకూ మొక్కకూ ఎడం చూసి గుంటలు తీయించేవాడు. వాన వస్తే అందరూ పాకల్లోకి పరిగెత్తేవాళ్లు. ఆయన గోనెసంచి కప్పుకుని తోటలోకి వెళ్లేవాడు, నీళ్లు ఎటు పోతున్నాయో చూడడానికి. తోట వేసినవాడే అందులో ఇల్లూ వేయాలని ఆయన పట్టు. నీడ ఎటు పడుతుందో, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో పైనుంచి వచ్చినవాడికి ఏం తెలుస్తుంది?

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు దశరథరామయ్యగారు తోటలో బంగళా తలపెట్టారు. బెజవాడ నుంచి ఒక ఇంజనీరు కాగితం గీసి తెచ్చాడు. దాని ప్రకారమైతే కాపుకొచ్చిన పదకొండు రసాల చెట్లు కొట్టేయాలి.

“ఒక్క చెట్టూ పోకుండా నేను ముగ్గు పోసి చూపిస్తానండీ,” అన్నాడు మా ఆయన.

“నీకెందుకురా ఈ ఇంజనీరు పని? సరే, ముగ్గు పొయ్యి, చూద్దాం,” అని అయ్యగారు నవ్వారు.

రెండు రోజులు నేల మీద సున్నంతో ఇల్లంతా గీశాడు. చెట్ల మధ్య ఇల్లు మోచెయ్యిలా వంగింది. ఆ వంపులో వాకిలి, వాకిట్లో మామిడి నీడ. చూరునీళ్లు కాలవలో పడి చెట్ల పాదుల్లోకి పోయేట్టు పెట్టాడు. అయ్యగారి భార్య సుబ్బరత్నమ్మగారిని ఆ గీతల్లో తిప్పాడు.

“ఇది మీ వంటిల్లండి అమ్మగారూ. పొగ అటు పోద్ది. అయ్యో, గోడ దూకేశారే! గుమ్మం ఇటుందండి.”

ఆవిడ పగలబడి నవ్వి, వెనక్కొచ్చి గుమ్మంలోంచే వెళ్లిందట.

ఇల్లు అలాగే కట్టారు. ఇంజనీరు ఆ సున్నపు గీతలు కొలుచుకుని కొత్త కాగితం గీసి, అడుగున తన సంతకం పెట్టుకున్నాడు.

మా వైపు గృహప్రవేశం నాడు ఇల్లు వేసినవాడిని పీట మీద కూర్చోబెట్టి నలుగురి ఎదుటా కొత్తబట్టలు పెడతారు. రేపు ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ నలుగురిలోనే ఉంటారు. ఆ రోజుతో తోటకూలీ అనే మాట పోయి, ఇళ్లూ తోటలూ వేసే మేస్త్రీనవుతానని ఆయన ఆశ. తలంటుకుని మరీ వెళ్లాడు.

పీట మీద ఇంజనీరు కూర్చున్నాడు. మా ఆయన్ని ఎంగిలాకులు ఎత్తమన్నారు. ఎత్తాడు.

సాయంత్రం పాలేరు చేత ఒక పంచెల చాపు మా దొడ్డి గుమ్మానికి పంపారు. మా ఆయన తలొంచుకుని అందుకోబోయాడు. ఏనాడూ నోరెత్తని నేను దాన్ని లాక్కుని తిరిగి పాలేరు చేతిలో పెట్టాను.

“పీట మీద పెట్టని బట్ట మాకొద్దని చెప్పు.”

“నీకు మతిపోయిందటే? రేపట్నుంచి తోటలో అడుగు పెట్టనివ్వరు!”

“పెట్టనివ్వకపోతే పోనీ. ఆకులెత్తించినోళ్ల బట్ట కట్టుకుని ఇంకెవరింట ముగ్గు పోస్తావయ్యా?”

నిజంగానే రానివ్వలేదు. నాలుగు నెలలు నా కూలి మీదే పొయ్యి వెలిగింది. బట్టలు తిప్పి పంపిన సంగతి మాత్రం ఊళ్లన్నీ తిరిగింది. ముసునూరు నుంచి వీరయ్య అనే చిన్న రైతు వెతుక్కుంటూ వచ్చాడు.

“అంతటి దశరథరామయ్యగారి పంచెలు తిప్పికొట్టిన మేస్త్రీవి నువ్వేనా? నాకో చిన్న ఇల్లు, చుట్టూ తోట వెయ్యి. పీట ఇప్పుడే చేయించి ఉంచుతాలే!”

ఆ పీట మీద మా ఆయన కూర్చున్నాడు. అప్పట్నుంచి జ్వరమొచ్చి పోయేదాకా చింతలపూడి వరకూ పిలుపులే.

ఆయన పోయిన పదకొండో రోజున దశరథరామయ్యగారు మా గుమ్మంలోకి వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “మంచి పనివాడమ్మా. మా బంగళా కూడా అతని చలవే,” అన్నారు.

“ఆ మాట మామిడికాయల మండీలో నలుగురి ముందు అనండి బాబుగారూ,” అన్నాను.

తలూపి వెళ్లారు. ఇంతవరకూ అనలేదు.