వెనక కూడా ఉన్న ఆటపెట్టె

లక్ష్మయ్య చేసిన వస్తువులకు ముందు భాగమే ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. ఇది చాడీ కాదు, ఆయన బతుకుదెరువే అది. ముప్ఫై ఏళ్ళుగా ఫిల్మ్ నగర్‌లో సెట్లు కట్టే వడ్రంగి. జమీందారు మేడ అడిగితే మేడ, జైలు అడిగితే జైలు, లేపి నిలబెడతాడు. వెనక్కి వెళ్ళి చూస్తే నాలుగు సర్వీ కర్రలు, రంగు వెయ్యని ప్లైవుడ్డు, బీడీ పీకలు. హీరో తలుపు విసిరికొట్టే సీనుంటే మేడ మొత్తం ఊగుతుందని, ఆయన కోపం కాస్త తగ్గించమని ఓసారి డైరెక్టరుకే సలహా ఇచ్చిన ఘనుడు.

బయట ఎంత పేరున్నా ఇంట్లో మాత్రం ఆయన పరపతి సున్నా. రహమత్ నగర్‌లో రెండు గదుల ఇల్లు వాళ్ళది. ఎనిమిదేళ్ళ కిందట భార్య దేవమ్మ ముచ్చటపడి దేవుడి మందిరం చేసిపెట్టమంది. లక్ష్మయ్య చేతికి అలవాటైన పద్ధతిలోనే చేశాడు. థర్మోకోల్, దానిమీద పాలరాయి రంగు, అంచులకు బంగారు గీతలు. వాడకట్టంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. శుక్రవారం దేవమ్మ దీపం పెట్టింది. హారతి పాట పూర్తయ్యేలోపు గోపురం కరిగి నరసింహస్వామి నెత్తిన టోపీలా కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ ఇంటి దేవుళ్ళందరూ ఫ్రిజ్ మీద కాపురముంటున్నారు.

"మందిరం మళ్ళ జేస్తనే," అని ఏటా దసరాకు లక్ష్మయ్య అడగడం, "ముందుగాల పనికొచ్చేది ఒక్కటన్న జేసి చూపెట్టు," అని దేవమ్మ కొట్టిపారెయ్యడం మామూలైపోయింది. కూర్చునే పీట చేస్తానన్నా ఒప్పుకోలేదు. లక్ష్మయ్య పైకి నవ్వేవాడు గానీ, మంచినీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా పైన దేవుళ్ళు కదులుతుంటే ఆయనకు నిజంగానే సిగ్గేసేది.

అలాంటి రోజుల్లో ఫిల్మ్ నగర్‌లోనే ఉండే రాజ్యలక్ష్మిగారి నుంచి కబురొచ్చింది. ఒకప్పుడు డాన్సు మాస్టర్ల దగ్గర అసిస్టెంటుగా ఎందరో హీరోయిన్లకు స్టెప్పులు నేర్పిన మనిషి, ఇప్పుడు డెబ్భై దాటిన పెద్దావిడ. భర్త కాశీవిశ్వనాథంగారు రిటైరైన ఎడిటరు. మనవరాలు నిహారిక తన పాత గేమ్ కన్సోల్ తెచ్చి వీళ్ళ టీవీకి తగిలించిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆదివారం వస్తే కొట్లాటే. తెరమీద ఇద్దరు వస్తాదులు తన్నుకుంటారు, సోఫాలో ఇద్దరు ముసలివాళ్ళు తిట్టుకుంటారు. ఓడినవాళ్ళు ఫిల్టర్ కాఫీ కలపాలి. ఏడాదిగా కాఫీ రాజ్యలక్ష్మిగారే కలుపుతున్నారు.

"ఏవయ్యా లక్ష్మయ్యా, ఈ బుల్లి కంట్రోలర్ పట్టుకుంటే నా బొటనవేళ్ళు వంగి చావట్లేదు," అన్నారావిడ, ఇంటికి వచ్చిన ఆయనకు వాచిన కీళ్ళు చూపిస్తూ. "వడపళనిలో షూటింగుల రోజుల్లో వీడియో గేముల కొట్టుకి పోయేదాన్ని. నిలువెత్తు పెట్టె, గుప్పిట్లో పట్టి అటూ ఇటూ తిప్పే పుల్ల, గారెలంత బటన్లు. అప్పట్లో నన్ను ఓడించిన మగాడు లేడు. అలాంటి పెట్టె చెయ్యగలవా?"

"లోపం కంట్రోలర్లో లేదు రాజ్యం," అన్నారు కాశీవిశ్వనాథంగారు పేపరు దించకుండా. "పోయిన వారం కాఫీలో మాత్రం ఉంది. డికాక్షన్ పలచబడింది."

లక్ష్మయ్య అలవాటు కొద్దీ అడిగాడు. "చూపుకా అమ్మా, ఆడనీకా?"

"ఆడటానికయ్యా! చూసుకుంటూ కూర్చోడానికా?"

లక్ష్మయ్యకు ఒళ్ళు ఝల్లుమంది. ముప్ఫై ఏళ్ళలో ఆ ప్రశ్నకు ఆ జవాబు ఎవరూ చెప్పలేదు. ఇంటికెళ్ళి భార్యతో పందెం కాశాడు. "పెట్టె జేస్తున్న. అది ఆడితే మందిరం జేయనియ్యాలె."

"ఆడితే గద," అంది దేవమ్మ చింతపండు పిసుకుతూ.

పెట్టె చేయడం ఆయనకు చిటికెలో పని. చిక్కంతా దానికి ప్రాణం పోయడంలోనే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో వైర్లున్న పాత కంట్రోలర్లు రెండు ఏరుకొచ్చాడు. కోఠీలో పెద్ద బటన్లూ, రెండు పుల్లలూ కొన్నాడు. ఆలోచన తేలికే. కన్సోల్‌కు కంట్రోలర్ మాట ఒక్కటే అర్థమవుతుంది. అందుకని కంట్రోలర్ విప్పి, లోపలి పచ్చ సర్క్యూట్ పలకను పెట్టెలో దాచి, బుల్లి బటన్ ఉండే ఒక్కో చోటి నుంచీ తీగ లాగి పెద్ద బటన్‌కు కలపాలి. గారెంత బటన్‌ను గుద్దినా కన్సోల్ మాత్రం ఎవరో బుల్లి బటన్ నొక్కారనే అనుకుంటుంది. ఎదుటివాణ్ణి నమ్మించడంలో లక్ష్మయ్యకు అనుభవం తక్కువేం కాదు.

కానీ తీగ అతుక్కోదే! ఆ పలక మీద బటన్ చోట్లన్నీ నల్లటి పూత. దానిమీద సీసం కరిగించి పోస్తే తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. లక్ష్మయ్య పంతం కొద్దీ కాలే కడ్డీని అలాగే అదిమి పట్టాడు. పలక కమురు కంపు కొట్టి కాలధర్మం చెందింది. ఇల్లంతా పొగ.

దేవమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని వచ్చి, మిగిలిన పలకను తిప్పి చూసింది. "నల్లగ మాడిన గిన్నెకు కళాయి వెట్టేటోడు ఏం జేస్తడు? ముందుగాల మాడు గీకుతడు. నువ్వు మాడు మీదనే వెడ్తున్నవు."

లక్ష్మయ్య బ్లేడు తీసుకుని మెల్లగా గీకాడు. నలుపు కింద రాగి తళుక్కుమంది. సీసం బుద్ధిగా అతుక్కుంది. ఈ సంగతి బయట ఎక్కడా చెప్పకూడదని ఆయన, చెప్పాలని ఆవిడ అప్పుడే నిర్ణయించేసుకున్నారు. మళ్ళీ ఎర్రగడ్డ వెళ్ళి ఇంకో కంట్రోలర్ తెచ్చాడు. ప్రతి తీగకూ కాగితం ముక్క చుట్టి పైన, కింద, ఎడమ, కుడి, గుద్దు, తన్ను అని రాశాడు. ఆఖరి రెండు రోజులు పెట్టె వీపు తనవైపు తిప్పుకుని ఏదో చేస్తూనే ఉన్నాడు. ఏంటో దేవమ్మ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటోలో పెట్టె ఫిల్మ్ నగర్ చేరింది. తీర్పు చెప్పడానికి దేవమ్మ పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. కన్సోల్ ఉన్నది ఇక్కడే కాబట్టి ఇదే మొదటి పరీక్ష. వైర్లు కలిపారు. తెర వెలిగింది. రాజ్యలక్ష్మిగారు గుద్దు బటన్ నొక్కితే వస్తాదు గాల్లోకి ఓ గుద్దు విసిరాడు. లక్ష్మయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను చేసిన వస్తువు మాట విన్నది!

కాశీవిశ్వనాథంగారు మీదికి దూకుదామని పుల్లను కుడికి లాగారు. ఆయన వస్తాదు ఎడమకు పరిగెత్తాడు.

"ఇదేంటయ్యా, నావాడు పారిపోతున్నాడు!"

మళ్ళీ లాగారు. వాడు ఇంకా దూరం పోయి తెర అంచుకు అతుక్కున్నాడు. దేవమ్మ గొంతు సవరించుకుంది. ఆ చప్పుడు విన్న లక్ష్మయ్యకు ఫ్రిజ్ మీది దేవుళ్ళందరూ ఒక్కసారి కళ్ళముందు కనిపించారు. జరిగిందేమిటో అప్పుడు వెలిగింది. సెట్లో ఎడమ అంటే మనిషి ఎడమ కాదు, కెమెరా ఎడమ. ఆటపెట్టె ముందు హీరో నిలబడితే ఆయన మొహం కనబడాలి కాబట్టి కెమెరా పెట్టె వెనక ఉంటుంది. లక్ష్మయ్య ఆ లెక్కనే ఎడమ, కుడి రాసుకున్నాడు, రెండు పుల్లలకూ.

"ఇక్కడ కెమెరా ఎక్కడుందయ్యా?" అన్నారు కాశీవిశ్వనాథంగారు.

"లేదు సార్. కని నా తలకాయల ఎప్పుడు ఉంటది," అన్నాడు లక్ష్మయ్య, నేల చూపులు చూస్తూ. "జర ఆగుండ్రి, తీగలు మారుస్త." స్క్రూడ్రైవర్ తీశాడు.

"దాని జోలికెళితే చేతులిరుగుతాయి," అన్నారు రాజ్యలక్ష్మిగారు. ఆవిడ పుల్లను కుడికి నొక్కారు. ఆవిడ వస్తాదు దర్జాగా ఎడమకు నడిచి, తెర అంచున బిక్కచచ్చి ఉన్నవాడి దవడ పగలగొట్టాడు.

ముప్ఫై ఏళ్ళు కెమెరా పక్కన నిలబడి, ఎదుట ఉన్న హీరోయిన్లకు స్టెప్పులు చూపించిన మనిషి ఆవిడ. ఆ పిల్ల కుడిచెయ్యి ఎత్తాలంటే తను ఎడమ చెయ్యి ఎత్తాలి. తలకిందులు చెయ్యడం ఆవిడకు ఊపిరి తీసుకున్నంత సులువు. కాశీవిశ్వనాథంగారు మాత్రం కుడి అంటే కుడేనని నమ్మిన మనిషి. మూడు ఆటల్లో మూడూ పోయాయి.

"ఏవండీ, డికాక్షన్ చిక్కగా ఉండాలి," అన్నారు రాజ్యలక్ష్మిగారు, నడుం మీద చెయ్యి వేసుకుని.

పెద్దాయన వంటింటి గుమ్మంలో ఆగి, లక్ష్మయ్య చెవిలో గొణిగారు. "నా పుల్ల ఒక్కటీ సరిచెయ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది."

"కెమెరా యాడుందని అడిగిండ్రు గద సార్," అన్నాడు లక్ష్మయ్య వినయంగా. "ఈ ఇంట్ల కెమెరా అమ్మగారే. మీ ఎడమ ఏందో ఆమెనే అడుగుండ్రి."

నవ్వులైతే నవ్వారు గానీ, లక్ష్మయ్య చూపు దేవమ్మ మీదే ఉంది. పందెం అమ్మగారితో కాదు కదా. దేవమ్మ పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది. ఆయన పని చూసేటప్పుడు ఆవిడ ముందుగా వెళ్ళేది ఎప్పుడూ అక్కడికే. సర్వీ కర్రలు లేవు. నున్నగా చిత్రిక పట్టిన చెక్క, దానికి ముందువైపు వేసిన రంగే, ఇత్తడి బందులతో చిన్న తలుపు. తెరిచి చూసింది. లోపల తీగలన్నీ రంగుల వారీగా, జడ అల్లినట్టు పొందికగా కట్టి ఉన్నాయి. గోడకు ఆనించే పెట్టె. ఆ వీపును ఎవరూ ఎప్పుడూ చూడరు.

"గీడ గూడ రంగేసినవా?" అంది. గొంతులో వెక్కిరింత లేదు.

"ఏసిన," అన్నాడు లక్ష్మయ్య.

కాఫీలు వచ్చాయి. చక్కెర బదులు ఉప్పు పడిందని తాగినవాళ్ళకు తెలిసింది గానీ, ఎవరూ పైకి అనలేదు. దేవమ్మ గ్లాసు కింద పెట్టి, పెట్టె వెనక తలుపు తనే మెల్లగా మూసింది.

"మందిరం జేయి," అంది. "టేకుతోని. ఇంకొక్క మాట. స్వామి మొఖం కెమెరా దిక్కు గాదు, నా దిక్కు ఉండాలె."