మా అత్త గడప దాటిపోయిన చెంబు

మా చిన్నప్పుడు... సెప్టెంబరు శనివారాల్లో తెల్లారకముందే అమ్మ మమ్మల్ని లేపేది. చన్నీళ్ల స్నానం, పసుపు పంచె, నుదుట నామాలు... చేతిలో నామాలు దిద్దిన ఇత్తడి చెంబు. "గోవిందా... గోవింద!" అని అరుస్తూ వీధంతా తిరిగేవాళ్లం.

మొదటి గడప మా మేనత్తది. అందరూ పిడికెడు బియ్యం వేస్తే ఆవిడ చేటనిండా తెచ్చేది. "ఆ గొంతులేంట్రా, జొరమొచ్చిన కోళ్లలాగ! గట్టిగా అరవండి!" అని తిట్టి మరీ పోసేది.

ఆ బియ్యమంతా కలిపి వండి సాయంత్రం వీధి మొత్తం ఒకే బంతిలో తినేవాళ్లం. అరవవాళ్లయినా, సాయిబులయినా సరే... ఏ గడపా వదలకూడదు.

ఒక్క ఇంటిని మాత్రం దాటిపోవడం చూశాను. చక్కెర మిల్లులో సమ్మె జరిగినప్పుడు దొరకు సమ్మె నాయకుల పేర్లు చెప్పినవాడి ఇల్లది. పెద్దవాళ్లు మా భుజాలు పట్టుకుని ముందుకు నడిపించేశారు. తలుపు సందులోంచి ఎవరో చూస్తూనే ఉన్నారు... మరుసటేడు ఆ ఇల్లు ఖాళీ. వాళ్లెటు పోయారని ఎవరూ అడగలేదు.

అప్పటినుంచీ ఆ చెంబంటే నాకు భయం.

మా నాన్న ఓటు అనేది వేయకుండానే పోయాడు. నాకు నలభై దగ్గర పడుతుండగా తెల్లవాళ్ల ప్రభుత్వం, ఈ జూలూల గడ్డకు ఓడల్లో చెరకు కూలీలుగా వచ్చిన మనవాళ్లకంటూ పార్లమెంటులో విడిగా ఒక సభ పెట్టింది. ఇసిపింగో వెనక, చెరకు తోటల అంచున ఉన్న మా కేన్‌రిడ్జ్ ఒక నియోజకవర్గమైంది. చరిత్ర పుస్తకాలు చాలానే చదివాను... ఏ పుస్తకంలోనూ దాని గురించి ఒక్క పేరా కనిపించలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నల్లవాళ్లకు మాత్రం ఏ సభా లేదు. అందుకని మనమూ ఓటు వేయకూడదని మా వీధి తీర్మానించింది. అది న్యాయమే... ఇప్పటికీ అదే అంటాను. ఆ తీర్మానానికి ముందు నిలబడింది సుబ్బన్న. చెంబుతో తిరిగే మా భజన గుంపుకీ ఆయనే పెద్ద.

పోటీకి దిగినవాడు బస్సుల నాయుడు. ఊళ్లో బస్సులన్నీ వాడివే. వాడి మనుషులు ముసలివాళ్ల ఇళ్లకు తిరిగి ఒకే మాట చెప్పారు... ఓటు వేయకపోతే పెన్షన్ ఆగిపోతుందని.

అత్త విధవరాలు. ఆ పెన్షనే ఆవిడ అన్నం.

పోలింగు రోజు నాయుడి కారు వచ్చి ఆవిడ గుమ్మం ముందు ఆగింది. నేను పనిలో ఉన్నాను. వీధిలో ప్రతి కిటికీ తెర కదిలిందట... సాయంత్రం వెళ్లి అడిగితే ఆవిడ చెప్పింది ఇది: "పెన్షన్ పోద్దంటే ఏం చెయ్యనురా రాముడూ? ఐనా ఇంటికి కారు పంపి, తలుపు తీసి పట్టుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక నాకెవరు తలుపు తీశారురా?"

మా ఊళ్లో ఓటు వేసినవాళ్లు ఏ కొద్దిమందో. నాయుడు గెలిచాడు.

మూడు వారాలకు సెప్టెంబరు శనివారం. అత్త ఎప్పటిలాగే చేటతో గుమ్మంలో నిలబడింది. పిల్లలు అలవాటుగా ఆ గేటు వైపు తిరిగారు.

"అటు కాదు. హంబా, హంబా... ముందుకెళ్లండి," అని జూలూ మాటతో అదిలించాడు సుబ్బన్న.

"ఏం సుబ్బన్నా, చెరకు తోటలో కూలీల్ని తోలే ఇండూనావా, పిల్లల్ని తోలుతున్నావు? ఇది దేవుడి బియ్యం!"

"దేవుడికి నీ బియ్యం ఒద్దు అక్కా. నాయుడికి పెట్టు."

గుంపులో వాయిస్తున్న నేను తాళాలు కింద పడేసి అడ్డం వెళ్లాను. "ముసలమ్మను భయపెట్టి ఓటేయించుకున్నవాణ్ణి వదిలేసి ఈవిడ మీదా నీ ప్రతాపం?"

"మీ అత్త కదా... నువ్వూ అక్కడే ఉండు," అన్నాడు.

ఉన్నాను. మళ్లీ ఆ గుంపులోకి అడుగు పెట్టలేదు.

ఆ తర్వాత ప్రతి సెప్టెంబరూ ఆవిడ చేట పట్టుకుని నిలబడేది. నేను వద్దనేవాణ్ణి. "ఈ ఏడు ఆగుతారేమోరా," అనేది. గోవింద నామం దగ్గరయ్యేది... గేటు దగ్గర సన్నగిల్లేది... దూరంగా వెళ్లాక మళ్లీ గట్టిగా వినిపించేది.

పదేళ్లు గడిచాయి. నల్లవాళ్లతో సహా అందరికీ ఓటు వచ్చే ఏప్రిల్ ముందు, అల్లర్లొస్తాయన్న భయంతో ఊరంతా కొవ్వొత్తులు, బీన్స్ డబ్బాలు కొని దాచుకుంది. రాత్రుళ్లు కొండల అవతల పొగ... తుపాకుల చప్పుడు. కేన్‌రిడ్జ్ నియోజకవర్గం రద్దయింది. ఇక ఓటు పార్టీకే, మా సీటుకంటూ ఎవరూ ఉండరన్నారు. పోలింగు రోజు అందరం ఒకే వరుసలో నిలబడ్డాం. అత్త రాలేదు. "ఒకసారి ఏశాను కదరా... చాలు," అంది.

అయినా ఆ సెప్టెంబరులో ఆవిడ కొత్త చీర కట్టుకుంది. "సీటే పోయిందంట కదా. ఇంక నామీద కోపమెందుకుంటాది?"

గోవింద నామం దగ్గరైంది. ముందు సుబ్బన్న. పక్కన కొత్త పార్టీ చొక్కాతో, నుదుట పెద్ద నామాలతో, చెంబు రెండు చేతులా పట్టుకుని... బస్సుల నాయుడు! మెడలో సుబ్బన్న వేసిన దండ.

అత్త చేట ముందుకు చాచింది.

నాయుడు ఆవిడ వంక చూశాడు. గుర్తుపట్టాడు... నేను చూశాను. సుబ్బన్న మోచేత్తో మెల్లిగా పొడిచాడు. చెంబు గడప దాటి వెళ్లిపోయింది.

 అత్త చేట తెచ్చి నా చేతిలో పెట్టి లోపల గడియ వేసుకుంది. ఆ మరుసటి సెప్టెంబరుకి ఆవిడ లేదు. పాడె మోయడానికి వీధిలోంచి ఎవరూ రాలేదు. ప్రాస్పెక్టన్ ఫ్యాక్టరీలో నాతో పనిచేసే జూలూ మిత్రులు ముగ్గురు వచ్చి భుజం పట్టారు.

కేన్‌రిడ్జ్ సీటు ఇప్పుడు ఏ మ్యాపులోనూ లేదు. గుడి గోడ మీద మాత్రం నాయుడి ఫోటో, సుబ్బన్న ఫోటో పక్కపక్కనే ఉన్నాయి... ఇద్దరూ ప్రజల కోసం పోరాడారని కింద రాసి మరీ. ఇప్పుడు చెంబు ఏ ఇంటికీ రావడం లేదు. బియ్యం సంచి కార్లో తీసుకెళ్లి గుళ్లో ఇచ్చి రావడమే.

మీ వీధిలోనూ ఇలా దాటిపోయిన గడప ఒకటి ఉండే ఉంటుంది... అది ఎవరిదో, ముందు నడిచినవాడెవడో, గుర్తున్నవాళ్లు ఇక్కడ రాయండి. మనం కూడా పోతే అడిగేవాళ్లు ఉండరు.