తెగిన తీగ మీద వచ్చిన ఫోను

నేను లెక్కల టీచర్‌ని. దయ్యాలు, శకునాలు అనే వాళ్లతో స్టాఫ్ రూములో వాదన పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పెట్టుకుంటాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. తలుచుకుంటే భయం కంటే ముందు ఒళ్లు మండుతుంది నాకు.

హైటెక్ సిటీ లేచిన కొత్త రోజులు. మొయినాబాద్ రోడ్డు పొడవునా కాలేజీల బోర్డులు, ప్లాట్ల బోర్డులు పాతుతున్నారు. కంప్యూటర్ కంపెనీల కేబుళ్ల కోసం రోడ్డు పక్కన కాలువలు తవ్వుతున్నారు. మా సర్కారు బడి ఆ రోడ్డు మీదే ఉండేది.

రూతు ఏడో తరగతి. రోజూ ఎంకపల్లి నుంచి నడిచి వచ్చేది. తల్లి మరియమ్మ గులాబీ తోటలో కూలికి పోయేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలకు చెస్ నేర్పేదాన్ని. రెండేళ్లు తిరిగేసరికి రూతు నన్ను ఆడిన ప్రతిసారీ ఓడించడం మొదలుపెట్టింది.

ఆ ఏడు జాతీయ పాఠశాలల చెస్ పోటీలకు నగరంలో ఎంపికలు జరిగాయి. ఆమె వయసు వాళ్లలో ఇద్దరిని పంపుతారు. రూతు రెండో స్థానంలో వచ్చింది. జాబితా గోడకు అంటించేసరికి ఆమె పేరు లేదు. నాలుగో స్థానంలో వచ్చిన ఒక పెద్ద ఉద్యోగి కూతురి పేరు ఉంది. అడిగితే జట్టు మేనేజరు, పల్లెటూరి పిల్లకు ఇంగ్లీషు రాదనీ అంత దూరంలో మెలగలేదనీ అన్నాడు. చెస్ బోర్డు మీద గుర్రం ఇంగ్లీషులో దూకుతుందా? అదే మాట రాసి పైఅధికారులకు అర్జీ పెట్టాను. జవాబు రాలేదు.

జట్టు బయలుదేరే రోజు నేను క్లాసులో భిన్నాలు చెప్తున్నాను. రూతు రెండో బెంచీలో తల వంచుకుని కూర్చుంది. పదకొండు గంటల వేళ బడి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం శెట్టిగారు గుమ్మం దగ్గరకు వచ్చి నాకు ఫోను వచ్చిందన్నారు. బడికి ఫోను లేదు. ఎవరికి అవసరమైనా ఆయన దుకాణంలోని ఎస్‌టీడీ బూత్‌కే చేసేవారు.

రిసీవర్ చెవిన పెట్టుకున్నాను. ఆడమనిషి గొంతు, వయసు మళ్లిన గొంతు. తొందర లేదు, తడబాటు లేదు.

"టీచరమ్మా, మీ రూతు పేరు లిస్టుల ఉన్నది. మూడింటి బండికి సికింద్రాబాద్ తీసుకరాండ్రి. పుట్టిన తేదీ కాగితం అసలుది పట్టుకరాండ్రి. నకలు నడువది."

ఎవరండీ అని అడిగేలోపే నిశ్శబ్దం.

పోటీల ఆఫీసులో పనిచేసే ఎవరో ఆవిడ జాలిపడి చేసిందనుకున్నాను. హెడ్మాస్టరుగారిని అడిగి బీరువాలోంచి అసలు సర్టిఫికెట్ తీశాను. రూతును వెంటబెట్టుకుని ఆటోలో ఎంకపల్లి పోయి మరియమ్మకు చెప్పాను. ఆమె తోటలోంచి ఉరికి వచ్చి రెండు జతల బట్టలు సంచిలో కుక్కింది. ముళ్లు గీరిన చేతులతోనే బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మేము మెహిదీపట్నం బస్సెక్కాము.

సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద మేనేజరు నన్ను చూసి కొయ్యబారిపోయాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"మీకెవరు చెప్పిన్రు?"

జాబితా ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. రూతు పేరు టైపు చేసి ఉంది. నా అర్జీ మీద పైనుంచి ఆర్డరు వచ్చి వారం దాటింది. మాకు మాత్రం కబురు పెట్టలేదు. రూతు రాకపోతే ఆ ఖాళీలో పెద్ద ఉద్యోగి కూతురిని ఎక్కించవచ్చని ఆమెను సూట్‌కేసుతో సహా తెచ్చి నిలబెట్టారు. ఆ పిల్ల ఏడుస్తోంది. ఆమె తప్పేముంది పాపం.

మేనేజరు చివరి ఎత్తు వేశాడు. పుట్టిన తేదీ ధ్రువపత్రం అసలుది కావాలి, నకలు చెల్లదన్నాడు. తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. పక్కకు తప్పుకున్నాడు. రూతు బండెక్కింది.

రూతు బండెక్కిందని మరియమ్మకు చెప్పించడానికి, సాయంత్రం ఆమె పనిచేసే తోట యజమానికి ఫోను చేద్దామని శెట్టిగారి దుకాణానికి పోయాను. శెట్టిగారు అదోలా చూశారు.

"ఫోను మూడొద్దుల సంది చచ్చే ఉన్నది మేడం. కాలువ తవ్వెటోళ్లు తీగ తెంపిన్రు. పొద్దున మోగితే బాగైందనుకున్న. మీరు పోయినంక ఎత్తి చూస్తే మళ్ల చప్పుడే లేదు."

నేనూ ఎత్తి చూశాను. ఏమీ వినపడలేదు.

రెండు రోజుల తర్వాత లైన్‌మన్ వచ్చాడు. బడి ముందు గుంతలో తెగిన కేబుల్ కొసలు చూపించాడు. మధ్యలో జానెడు ఖాళీ, మట్టి పట్టి ఉంది. మొన్న పొద్దున ఎవరైనా అతికించి మళ్లీ తెంపి ఉంటారా అని అడిగాను. ఇందులో వందల తీగలున్నాయి, చాటుగా అతికించే పని కాదన్నాడు. పోటీల ఆఫీసుకు పోయి అక్కడి ఆడవాళ్లందరితో మాట్లాడాను. ఎవరి గొంతూ అది కాదు. ఫోను చేశామని ఎవరూ అనలేదు.

రూతు పదకొండో స్థానంలో వచ్చింది. రైల్లో పై బెర్తులో పడుకున్న సంగతి నెల రోజులు చెప్పింది.

మరుసటి ఏడు ఎంపికల దగ్గర మేనేజరును నిలదీశాను, కబురెందుకు పెట్టలేదని. ఇంతమందికి ఫోన్లు చేసుకుంట కూర్చునే తీరిక తనకెక్కడిదన్నాడు, టీ తాగుతూ.

ఆ రోజు ఫోను చేసిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. చెయ్యాల్సిన వాళ్లెవరో మాత్రం తెలుసు. జీతాలు తీసుకుంటూ, పనిచేసే ఫోన్లు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.