ఎడమ చక్రం శీల... ముందు సీట్లో అమ్మ

మా చిన్నప్పుడు... ఒకరోజు పొద్దున్నే మా అమ్మ క్యారేజీ కట్టుకుని వెళ్లి నాన్న బండిలో ముందు సీట్లో కూర్చుంది. "నేనూ వస్తానండీ" అంది... అంతే. ఎందుకో చెప్పలేదు.

అల్లవరం దగ్గర మా ఊరు. నాన్నది ఓ ముసలి జీపు. వెనక భాగం కోయించి, చెక్కలతో తొట్టి కట్టించారు. అందులో రోజూ అంబాజీపేటకి కొబ్బరికాయలు తోలేవారు. ఆదివారాలు ఆ ముందు సీటు నాది... అలాంటిది అమ్మ రోజూ ఎక్కి కూర్చుంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. నన్నూ చెల్లినీ మామ్మకి అప్పగించి షికార్లకి వెళ్తోందనుకున్నాను. ఓ పూట అన్నం మానేసి అలిగాను కూడా... ఎవరూ పట్టించుకోలేదు.

అసలు సంగతి చాలా ఏళ్లకి అమ్మే చెప్పింది. అంతకు ముందు వారం పుట్టింటి నుంచి అదే బండిలో వస్తుంటే, కాలువ గట్టు మలుపులో గేదె అడ్డొచ్చిందిట. నాన్న బ్రేకు తొక్కారు. బండి తిన్నగా ఆగకుండా ఎడమకి లాగేసింది... అమ్మ తల వంచి చూస్తే కింద నీళ్లే.

మా వైపు ఉప్పుగాలికి ఇనుము ఏదీ నిలవదు. ఎడమ చక్రం లోపల బ్రేకు షూలని పట్టి ఉంచే మర శీలలు రెండూ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. షూ ఓసారి పట్టేసిందంటే వదిలేది కాదు. అమలాపురంలో మేస్త్రీ చూసి, బండి నాలుగు రోజులు తన దగ్గర వదిలెయ్యమన్నాడు. కాయల రోజులు, కుదరదన్నారు నాన్న. బ్రేకు తొక్కేటప్పుడు స్టీరింగు కాస్త కుడికి పట్టుకుంటే సరిపోతుందని ఆయన ధీమా.

అమ్మ పోట్లాడలేదు, ఏడవలేదు. వెళ్లి పక్కన కూర్చుంది. "నేను పక్కనుంటే మీ నాన్న మెల్లగా తోలేవారే... అందుకే ఎక్కేను" అంది, నేను పెద్దయ్యాక అడిగితే. అలా పక్కన తిరిగిన పది రోజులూ ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో... నేనేమో సీటు పోయిందని ఏడ్చాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దారిలో టీ కొట్టు దగ్గర అందరూ నాన్నని ఆట పట్టించేవారట... క్లీనర్ని మార్చేరా అండీ అని. పది రోజులు భరించారు. ఆ ఆదివారం మొహం కందగడ్డ చేసుకుని జాకీ తీశారు.

చక్రం ఊడదీసి, దాని వెనకున్న డ్రమ్ము కూడా లాగేశారు. కిరసనాయిలు పోసి, కొట్టి, రెంచీతో తిప్పితే మధ్యాహ్నానికి ఒక శీల వచ్చింది. రెండోది మాత్రం ససేమిరా అంది. కొట్టి కొట్టి నాన్న అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి సుత్తి తీసుకెళ్లి కొబ్బరిచెట్టు పాదులోకి గిరాటేశారు. మర్నాడు పొద్దున్నే బండి వెళ్లి తీరాలి... అలాగే బిగించేసి వెళ్లిపోతానన్నారు.

అప్పుడొచ్చింది అమ్మ వంటింట్లోంచి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ. "కొట్టకండి... చెవి శీల తీసినట్టు తియ్యాలండీ."

మా వీధిలో ఎవరి దిద్దుల శీల బిగుసుకుపోయినా అమ్మ దగ్గరికే వచ్చేవారు. వేణ్ణీళ్ల గుడ్డతో కాపడం పెట్టేది... ఒక్క బొట్టు కొబ్బరినూనె వేసేది... కబుర్లు చెబుతూ చెబుతూనే తీసి చేతిలో పెట్టేది.

ఇది పిన్ను, దిద్దు కాదని కసిరారు నాన్న. పైగా షూకి నూనె తగిలితే ఇక బ్రేకే పట్టదన్నారు. "ఆయ్, తగలనివ్వనండీ" అంది అమ్మ. పాత చీర ముక్కలు షూ చుట్టూ దోపింది. మరిగిన నీళ్లలో గుడ్డ ముంచి పిండి, శీల చుట్టూ కాపడం పెట్టింది. దీపం వత్తిని గోరువెచ్చటి నూనెలో ముంచి, శీల అంచున బొట్టు బొట్టుగా అద్దింది. తర్వాత తీరిగ్గా వెళ్లి పులుసు దింపి వచ్చింది!

"ఇప్పుడు బిగించండి."

తియ్యాలంటే బిగించడమేమిటని నాన్న విసుక్కున్నారు. "ముందు ఓ రవ్వ బిగిస్తేనే వదులుతుందండీ" అంది అమ్మ... పంతులమ్మలా.

నాన్న రెంచీ పట్టించి, బిగించే వైపుకి కొద్దిగా తిప్పారు. లోపల టిక్కుమని చిన్న చప్పుడు. నాన్న తలెత్తి అమ్మ వైపు చూశారు. మెల్లగా వెనక్కి తిప్పారు... కదిలింది. అరగంటలో శీల ఆయన అరచేతిలో ఉంది. దాన్ని తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టారు.

తుప్పంతా గీకి, శీలలకి కాస్త గ్రీజు పూసి, సాయంత్రానికి మళ్లీ బిగించారు. ఇద్దరూ గట్టు మలుపు దాకా వెళ్లి బ్రేకు తొక్కి చూసుకొచ్చారు. బండి గీత గీసినట్టు తిన్నగా ఆగిందిట. ఇంక రేపట్నుంచి నేను రానండీ, ఇంట్లో పని ఉండిపోతోంది అని అమ్మ బండి దిగిపోయింది. నా సీటు నాకొచ్చేసిందని నేను గెంతులేశాను.

మర్నాడు పొద్దున్న బండి స్టార్టయింది... కదల్లేదు. హారను మోగింది. అమ్మ అట్లకాడతోనే వీధిలోకి పరిగెత్తింది. నాన్న ఆమె వైపు చూడకుండా, కుడి చక్రం వైపు చూస్తూ అన్నారు.

"కుడి వైపు కూడా కొంచెం లాగుతున్నట్టుంది, లక్ష్మీ... ఓసారి వచ్చి చూడకూడదూ?"

అమ్మ నవ్వు దాచుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. లోపలికొచ్చి క్యారేజీ కట్టింది. నేనూ వస్తానని పరిగెత్తబోతే మామ్మ నా జడ పట్టుకుని ఆపేసింది.

ఇప్పుడు మా కారులో బ్రేకు అరిగితే దీపం వెలుగుతుంది... సర్వీసు వాళ్లే ఫోన్ చేసి తీసుకెళ్తారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఎటొచ్చీ, పక్కన వచ్చి కూర్చోమని అడగడానికే వంకలు లేకుండా పోయాయి...

మీ నాన్నగారు మీ అమ్మగారిని ఏ వంకతో పిలిచేవారండీ? గుర్తుంటే ఇక్కడ రాయండి... చదివి కాసేపు నవ్వుకుంటాను.