ఎర్రసిరా పడని ఇరవై ఎనిమిది పేజీలు

ప్రెస్సులో అందరూ ఆయన్ని చాటుగా ఎర్రపెన్ను అంటారు, ఎదురుపడితే మాస్టారూ అంటారు. ముప్ఫై ఒక్కేళ్లుగా కిటికీ పక్కన అదే బల్ల, అచ్చుకి వెళ్లే పుస్తకాల్లో తప్పులు ఏరే అదే పని. వంటల పుస్తకమైనా వైద్య గ్రంథమైనా ఆయన చెయ్యి దాటి ఒక్క తప్పు బయటికి పోయిందని ఎవరూ అనలేదు. ఆ సంగతి ఆయనకి మరీ బాగా తెలుసు కాబట్టే ఆ మనిషితో వేగడం కష్టం. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారని భార్య దెప్పితే, ఉన్నాయి కాబట్టే పీకుతున్నానని జవాబు చెప్పేవాడు.

కథలంటే ఆయనకి చులకన. మాయలూ మంత్రాలూ ఉన్న కథలంటే మరీనూ. అలాంటిది ఆ వారం ఆయన బల్ల మీదికి మూడొందల పేజీల దొంగతనం నవల వచ్చి పడింది. ఒక రాక్షసరాజు తన నిద్రని పెట్టెలో దాచుకుని, రెప్ప వెయ్యకుండా రాజ్యం ఏలుతుంటాడు. ఆ పెట్టె తెరిచి నిద్రని వాడి మీదికి వదలడానికి ఏడుగురు దొంగలు బయల్దేరతారు. రాసింది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆయన బావమరిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

దాన్ని చూడాల్సిన రోజు పొద్దున బయల్దేరేటప్పుడే భార్య గుమ్మం దగ్గర ఆపింది.

"పదేళ్ల కిందట తమ్ముడు మొదటి కథ చూపిస్తే కాగితం దండగ అన్నారు. రెండేళ్లు మన గడప తొక్కలేదు వాడు. ఈసారీ బావ పెదవి విరిస్తే ఇక రాయనే రాయనని నాతో అన్నాడు."

"అయితే బాగాలేకపోయినా బాగుందనమంటావా?"

"అబద్ధం చెప్పమనట్లేదు. నోరు పారేసుకోకండి, అంతే."

పారేసుకోకూడదనే ఆయన కూడా అనుకున్నాడు. కానీ మొదటి పేజీ తిప్పగానే ఒక పటం. నదులు కొండ ఎక్కుతున్నాయి. ఆ తర్వాత ప్రతి దొంగకీ ఓ కత్తి, ప్రతి కత్తికీ ఓ పేరు. "మీ అక్క కూరలు తరిగే కత్తికి ఏం పేరు పెట్టింది?" అని అంచున రాశాడు. మంత్రాల నియమాలకి నాలుగు పేజీలు పట్టాయి. దరఖాస్తు నింపుతున్నట్టుందని దాని పక్కన రాశాడు. మూడో అధ్యాయంలో చెయ్యి తెగిన దొంగ ఆరో అధ్యాయంలో రెండు చేతులా తాడు ముడేస్తుంటే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండో చెయ్యి ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు?" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. కథ ఈ ఒక్క పుస్తకంతో అయిపోతుంది, రెండో భాగం ఉందని బెదిరించడు, అదొక్కటే మేలు అనుకున్నాడు. మధ్యాహ్నానికి కాగితాలన్నీ ఎర్రబడ్డాయి. నిజం చెప్పాలంటే ఆయనకి అది సరదాగానే ఉంది.

రెండొందల పన్నెండో పేజీలో దొంగల్లో అందరికంటే పెద్దావిడ తాడు పట్టుకుని కోట కింది చీకటి గొయ్యిలోకి దిగింది. అక్కణ్ణించి మంత్రాల్లేవు, కత్తుల్లేవు. తాడు అరచేతిని ఎలా కోస్తుందో, పైనున్నవాళ్ల మాటలు కిందికి దిగేకొద్దీ ఎలా పల్చబడతాయో ఉంది. లిఫ్టు గోతుల్లో ఇరవయ్యేళ్లు వేలాడినవాడు తప్ప ఇంకొకడు రాయలేని సంగతులు. అడుగున పెట్టె దొరికింది. రాజు నిద్రపోవాలంటే ఆ మూత ఎవరో ఒకరు ఎత్తి పట్టుకుని, వాడికి బదులు మెలకువగా ఉండిపోవాలి. పెద్దావిడ మూత ఎత్తి పట్టుకుంది. మిగతావాళ్లని పొమ్మంది. వాళ్ల అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా వింటూ కూర్చుంది.

తర్వాత రాజ్యంలో సంబరాలు మొదలయ్యాయి, మళ్లీ కత్తులు పేర్లతో సహా వచ్చాయి, ఎర్రపెన్నూ మళ్లీ లేచింది. సాయంత్రం కట్టకి దారం చుట్టి యజమాని గదిలో పెట్టి ఇంటికొచ్చాడు. భార్య ఎలా ఉందని అడిగితే, చెత్త అన్నాడు.

మర్నాడు బావమరిది పని బట్టల్లోనే ప్రెస్సుకి వచ్చాడు. యజమాని గదిలోంచి కట్ట తెచ్చుకుని, బల్లకి అవతల నిలబడి కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. వెటకారాలన్నీ చదివాడు. రెండొందల పన్నెండు దగ్గర చెయ్యి ఆగింది. అక్కణ్ణించి గబగబా తిప్పాడు. ఇరవై ఎనిమిది పేజీలు, ఒక్క గీత లేదు.

"ఇక్కడ చదవడం మానేశారు కదా బావా," అన్నాడు నెమ్మదిగా. "తిట్టడానికైనా పనికిరాలేదన్నమాట. పోనీలెండి. అచ్చు వద్దని చెప్పేసి వెళ్తాను."

ఆయన ఆ పేజీలు లాక్కుని చూశాడు. వాటిలో మొదటి పేజీలోనే మూడు తప్పులు గుడ్లురిమి చూస్తున్నాయి. పెద్దావిడ పేరే రెండు రకాలుగా ఉంది. పసిపిల్లలు కూడా పట్టుకుంటారు. ముప్ఫై ఒక్కేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఔను, మానేశాను అంటే చాలు, పరువు దక్కుతుంది. బావమరిది అప్పటికే మిగతా కాగితాలకి దారం చుట్టేస్తున్నాడు.

"ఆగు," అని ఆయన యజమాని గది వైపు తిరిగాడు. "ఏమండీ, ఒకసారి ఇటు వస్తారా?"

యజమాని వచ్చాడు. మిషన్ దగ్గరివాళ్లు కూడా తలలెత్తి చూశారు.

"ఈ ఇరవై ఎనిమిది పేజీలూ ఇంకెవరి చేతైనా చూపించండి. నేను తప్పులు చూడలేదు."

"మీరా? ఏమైంది మాస్టారూ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. కథలో పడి పని మర్చిపోయాను. మళ్లీ ఇచ్చినా మర్చిపోతాను," అన్నాడాయన, బావమరిది వైపు చూడకుండా.